ఓటర్ల జాబితాలో పేరు, బూత్‌లో ఓటు: ఎన్నికలకు ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓటర్లను దృష్టిలో పెట్టుకుని రాసిన పేజీ ఇది. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకు వాడే ఓటర్ల జాబితా గురించే ఎక్కువగా ఉంటుంది. పంచాయతీ, మున్సిపల్, ఎమ్మెల్సీ ఎన్నికల సంగతి చివర్లో ఉంది.

ఓటరు కార్డు ఉంది కదా, ఇంకా ఏం చూసుకోవాలి?

కార్డు మీరెవరో చెబుతుంది, అంతవరకే. ఓటు వేయనిచ్చేది జాబితాలో ఉన్న పేరు. పేరు తొలగించినా కార్డును ఎవరూ వెనక్కి తీసుకోరు కాబట్టి, పేరు పోయిన సంగతి పోలింగ్ రోజు దాకా చాలామందికి తెలియదు. 2018 డిసెంబర్ 7న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలప్పుడు కార్డు చేతిలో పెట్టుకుని వెళ్లి, పేరు లేదని వెనక్కి వచ్చినవాళ్లు ఎందరో. ఆ రోజు బూత్‌లో ఏ అధికారీ చేయగలిగింది ఏమీ ఉండదు. చేయగలిగిందంతా ముందే, నామినేషన్లు మొదలు కాకముందే చేసుకోవాలి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. జాబితాలో పేరొక్కటే కాదు, వయసు, ఇంటి నంబరు, వైకల్యం వివరం కూడా సరిగ్గా ఉండాలి. ఇంటి దగ్గర ఓటేసే వీలు వయసును బట్టి వస్తుంది. ఏ బూత్ పడుతుందో ఇంటి నంబరును బట్టి తేలుతుంది. ఆ బూత్‌కు ఎన్ని చక్రాల కుర్చీలు పంపాలో వైకల్యం వివరాలను బట్టి లెక్కేస్తారు.

పేరు ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

ఎన్నికల సంఘం ఓటరు సేవల పోర్టల్ (ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్) తెరిచి, జాబితాలో పేరు వెతికే చోటికి వెళ్లండి. మూడు రకాలుగా వెతకొచ్చు: ఎపిక్ నంబరుతో, పేరు, వయసు లాంటి వివరాలతో, లేదా జాబితాకు జతచేసిన మొబైల్ నంబరుతో. ఎపిక్ నంబరంటే కార్డు మీద ఉండే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెలు. అన్నిటికన్నా నమ్మదగ్గ దారి అదే.

వివరాలు కనిపించగానే ఊరుకోకుండా నాలుగు విషయాలు రాసి పెట్టుకోండి: అసెంబ్లీ నియోజకవర్గం, పార్ట్ నంబరు (పోలింగ్ కేంద్రం పరిధికి ఉండే జాబితా భాగం సంఖ్య), అందులో మీ వరుస సంఖ్య, పోలింగ్ కేంద్రం. ఫోన్‌లో ఇంటర్నెట్ లేనివాళ్లు 1950 టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేయొచ్చు, లేదంటే బీఎల్‌వోను అడగొచ్చు. బీఎల్‌వో అంటే ఒక్కో పోలింగ్ కేంద్రం పరిధికి నియమించే బూత్ స్థాయి అధికారి. మామూలుగా స్థానిక టీచరో, అంగన్‌వాడీ కార్యకర్తో, ఇంకెవరైనా ప్రభుత్వ ఉద్యోగో ఉంటారు. వాళ్ల పేరు, ఫోన్ నంబరు పోర్టల్‌లోనే దొరుకుతాయి.

ఇంట్లో ఒకరి పేరు కనబడితే అందరివీ ఉన్నాయనుకోవద్దు. ఒక్కొక్కరిదీ విడివిడిగా చూడండి.

వెతికితే రావడం లేదు. పేరు పోయినట్టేనా?

వెంటనే ఆ నిర్ణయానికి రావద్దు. తెలుగు పేర్లను ఇంగ్లిష్‌లోకి, మళ్లీ తెలుగులోకి ఎక్కించేటప్పుడు అక్షరాలు తారుమారవుతాయి. లక్ష్మి, లక్ష్మీ ఒకటే మనకు, కంప్యూటర్‌కు కాదు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక ఉంటుంది, కొన్నిసార్లు అసలు ఉండదు. పెళ్లయినవాళ్లకు తండ్రి పేరుకు బదులు భర్త పేరు ఉండొచ్చు. అందుకే వివరాలతో వెతికి దొరక్కపోతే ఎపిక్ నంబరుతో వెతకండి. అదీ కుదరకపోతే మీ పోలింగ్ కేంద్రం జాబితా మొత్తం పీడీఎఫ్‌గా దించుకుని ఇంటి నంబరు ప్రకారం చూడండి.

జాబితా పీడీఎఫ్ చదవడంలో ఒక మెలకువ ఉంది. ముందు మూల జాబితా ఉంటుంది, దాని వెనక అనుబంధ జాబితాలు ఉంటాయి. తర్వాత జరిగిన చేర్పులు, తొలగింపులు, సవరణలు ఆ అనుబంధాల్లో వస్తాయి. మూల జాబితాలో పేరు కనిపించిందని ఆగిపోతే మోసపోతారు. ఆ పేరు అనుబంధంలో తొలగింపుల కింద ఉందేమో చూడాలి. తొలగించిన పేరు పక్కన కారణం సూచించే ఇంగ్లిష్ అక్షరం కూడా వేస్తారు: మరణానికి ‘ఈ’ (E), వేరే చోటికి మారినందుకు ఎస్, రెండుసార్లు నమోదైనందుకు ఆర్, ఆచూకీ దొరకనందుకు ఎం. బతికున్న మనిషి పక్కన ‘ఈ’ అక్షరం ఉన్నా, ఇల్లు మారని మనిషి పక్కన ఎస్ ఉన్నా అది తప్పుడు తొలగింపే. ఆ పేజీ ప్రింటు తీసి దాచుకోండి. ఫిర్యాదుకు అంతకన్నా గట్టి ఆధారం ఉండదు.

ఏ పనికి ఏ ఫారం?

ఎక్కువ దరఖాస్తులు చిక్కుల్లో పడేది ఇక్కడే. 2022 ఆగస్టు 1 నుంచి ఫారాలు మారాయి, పాత అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

ఫారం-6 మొదటిసారి ఓటరుగా చేరేవాళ్లకే. ఇల్లు మారినవాళ్లు, నియోజకవర్గం మారినవాళ్లు దాన్ని నింపకూడదు. వాళ్లది ఫారం-8. చిరునామా మార్పు, పేరు, వయసు, ఫొటోల్లో తప్పుల సవరణ, పోయిన కార్డుకు బదులు కొత్త కార్డు, వైకల్యం నమోదు, ఈ నాలుగూ ఫారం-8లోనే చేయాలి. ఫారం-7 పేరు తొలగించమని కోరడానికో, ఒక పేరు మీద అభ్యంతరం చెప్పడానికో. విదేశాల్లో ఉన్న భారత పౌరులకు ఫారం-6ఎ. ఆధార్ వివరం ఇవ్వడానికి ఫారం-6బి.

ఇల్లు మారినప్పుడు ఫారం-8కు బదులు ఫారం-6 పెడితే ఏమవుతుంది? పాత చోట పేరు అలాగే ఉంటుంది, కొత్త చోట ఇంకోటి చేరుతుంది. ఒకే మనిషికి రెండు నమోదులు, రెండు నంబర్లు. తర్వాత డూప్లికేట్ల ఏరివేతలో ఏదో ఒకటి తీసేస్తారు. మీకు కావలసినదాన్నే ఉంచుతారన్న హామీ లేదు.

మా అమ్మాయికి ఇంకా 18 నిండలేదు. ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

17 నిండితే ముందస్తుగా ఫారం-6 పెట్టుకోవచ్చు. ఒకప్పుడు ఏడాదికి జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ. 2021లో చట్టం సవరించాక జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1, ఇలా నాలుగయ్యాయి. ఫిబ్రవరిలో 18 నిండే అమ్మాయి ఏప్రిల్ 1 అర్హత తేదీతో చేరుతుంది, మరుసటి జనవరి దాకా ఆగక్కర్లేదు. పోలింగ్ నాటికి 18 నిండితే చాలని కొందరు అనుకుంటారు. అది సరికాదు, అర్హత తేదీ నాటికి నిండి ఉండాలి.

హైదరాబాద్‌లో ఉంటున్నాం, ఓటు ఊళ్లోనే ఉంచుకోవచ్చా?

రెండు రాష్ట్రాల్లోనూ లక్షల కుటుంబాలకు సంబంధించిన ప్రశ్న ఇది, సూటిగానే చెప్పాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారో అక్కడే ఓటు. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని చట్టంలోనే ఉంది. అలాగే కొన్నాళ్లు పని మీద బయటికి వెళ్లినంత మాత్రాన నివాసం పోదని కూడా అదే చట్టం చెబుతుంది. వలస పనికి వెళ్లి సీజన్ అయ్యాక తిరిగొచ్చే కూలీ ఊరి ఓటరే. పదేళ్లుగా నగరంలో కాపురముంటూ పిల్లల్ని అక్కడే చదివిస్తున్న కుటుంబం ఓటు నగరానికి మార్చుకోవాలి.

రెండు చోట్లా ఉంచుకోవడం మాత్రం కుదరదు. ఒకటికి మించి నియోజకవర్గాల్లో గానీ, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు గానీ పేరుండకూడదు. దరఖాస్తులో తెలిసి తప్పుడు ప్రకటన చేస్తే అదే చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రెండు నమోదులున్నాయని ఇప్పుడు తెలిస్తే, అక్కర్లేని దానికి మీరే ఫారం-7 పెట్టి తీయించుకోండి. నోటీసు వచ్చేదాకా ఆగడం కన్నా అదే క్షేమం.

హాస్టల్లో ఉండే విద్యార్థులకు కొంత వెసులుబాటు ఉంది. తల్లిదండ్రుల ఇంటి దగ్గరైనా, హాస్టల్ చిరునామాతోనైనా నమోదు కావొచ్చు. హాస్టల్ చిరునామా ఎంచుకుంటే విద్యాసంస్థ అధిపతి నుంచి ధ్రువీకరణ పత్రం జత చేయాలి.

ఏ కాగితాలు కావాలి? అద్దె ఇల్లు, మా పేరున ఏమీ లేదు.

ఒక ఫొటో, వయసుకు ఒక రుజువు, చిరునామాకు ఒక రుజువు. వయసుకు జనన ధ్రువపత్రం, పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్‌లలో ఏదైనా సరిపోతుంది. చిరునామాకు కరెంటు, నీటి, గ్యాస్ బిల్లు, బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, రిజిస్టర్డ్ అద్దె ఒప్పందం, భూమి రికార్డు లాంటివి చెల్లుతాయి. బిల్లు మీ పేరునే ఉండనక్కర్లేదు, అదే ఇంట్లో ఉండే తల్లిదండ్రులో భర్తో భార్యో పేరున ఉన్నా సరే.

ఏ కాగితమూ లేకపోతే దరఖాస్తు తీసుకోకుండా పంపేయకూడదు. బీఎల్‌వో వచ్చి విచారించి తేల్చాలి. ఇల్లే లేనివాళ్లకు కూడా ఓటుంది. వాళ్లు రోజూ ఏ చోట పడుకుంటున్నామని ఫారంలో రాస్తే, బీఎల్‌వో ఒకటికి మించి రాత్రులు అక్కడికి వెళ్లి చూడాలి. అక్కడే ఉంటున్నారని తేలితే ఇక చిరునామా కాగితం అడగకూడదు.

ఇంటి నంబరు రాసేటప్పుడు శ్రద్ధ పెట్టండి. 12-3-45/ఎ అన్నదాన్ని 12-3-45 అని రాస్తే మీరు పక్కింటి వాళ్లవుతారు. ఒకే ఇంట్లో భార్య ఒక బూత్‌కు, భర్త ఇంకో బూత్‌కు వెళ్లడం చాలావరకు దీనివల్లే. ఫారంలో కుటుంబ సభ్యుడి ఎపిక్ నంబరు రాసే చోటు ఉంటుంది, ఖాళీగా వదలొద్దు. కుటుంబమంతా ఒకే పార్ట్‌లో ఉండేందుకు అధికారికి అదే ఆనవాలు.

ఆధార్ ఇవ్వకపోతే పేరు తీసేస్తారా?

తీయకూడదు. ఆధార్ జతచేయడం తప్పనిసరి కాదని ఎన్నికల సంఘం 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టుకు కూడా చెప్పింది. ఇస్తే డూప్లికేట్లు గుర్తించడం తేలికవుతుంది. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం.

దరఖాస్తు పెట్టాక ఏం జరుగుతుంది? ఎందుకు తిరస్కరిస్తారు?

ఆన్‌లైన్‌లో పెడితే రిఫరెన్స్ నంబరు వస్తుంది. కాగితం మీద ఇస్తే రసీదు అడిగి తీసుకోండి. ఫారం అడుగు భాగంలోనే రసీదు ముక్క ఉంటుంది. ఆ తర్వాత బీఎల్‌వో ఇంటికి వచ్చి విచారిస్తారు. అభ్యంతరాలకు ఏడు రోజుల గడువుంటుంది. నిర్ణయం తీసుకునేది నియోజకవర్గ ఓటరు నమోదు అధికారి, అంటే ఈఆర్‌వో. ఎక్కువచోట్ల ఆర్డీవో స్థాయి అధికారి ఈ బాధ్యతలో ఉంటారు. మండలాల్లో తహసీల్దార్లు ఆయనకు సహాయకులు.

తిరస్కరణకు ఎక్కువగా కనిపించే కారణాలు చిన్నవే. బీఎల్‌వో వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉండటం, ఫొటో మసకగా ఉండటం, పక్క నియోజకవర్గం ఎంచుకోవడం, జతచేసిన కాగితంలో ఒక పేరు, ఫారంలో ఇంకో పేరు ఉండటం. పగలంతా పనికి వెళ్లేవాళ్లు దరఖాస్తు పెట్టిన రెండు మూడు రోజుల్లో బీఎల్‌వోకు ఫోన్ చేసి ఎప్పుడు ఇంట్లో ఉంటారో చెబితే మొదటి చిక్కు రానే రాదు.

తిరస్కరిస్తే పోర్టల్‌లో కారణం చూడండి. అన్యాయమనిపిస్తే 15 రోజుల్లోగా జిల్లా కలెక్టర్‌కు మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు చేసుకోవచ్చు. తప్పు చిన్నదైతే అప్పీలు కన్నా సరిచేసి మళ్లీ దరఖాస్తు పెట్టడమే త్వరగా తేలుతుంది.

చివరి తేదీ ఎప్పుడు?

చట్ట ప్రకారం నామినేషన్ల చివరి రోజు దాటాక జాబితాలో చేర్పులు ఉండవు. ఏడు రోజుల నోటీసు, విచారణ కలుపుకుంటే నామినేషన్ల గడువుకు కనీసం పది రోజుల ముందు దరఖాస్తు చేరాలి. షెడ్యూల్ ప్రకటించాక పరుగెత్తితే ఒక్క లోపం చాలు, దిద్దుకోవడానికి సమయం ఉండదు. ఏటా జరిగే సవరణలో ముసాయిదా జాబితా వెలువడినప్పుడే చూసుకోవడం మంచిది.

నా పేరు తీసేయమని ఎవరో ఫారం-7 పెట్టారట. ఏం చేయాలి?

2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇది పెద్ద గొడవైంది. ఆన్‌లైన్‌లో కుప్పలుగా ఫారం-7 దరఖాస్తులు వచ్చాయి, పోలీసు కేసులూ నమోదయ్యాయి. తన పేరుతో ఎవరో దరఖాస్తు పెట్టారన్న సంగతి చాలామందికి బీఎల్‌వో వచ్చి అడిగేదాకా తెలియలేదు.

ఫారం-7 పెట్టినంత మాత్రాన పేరు పోదు. అభ్యంతరం చెప్పే మనిషి అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ఇల్లు మారారనో, అర్హత లేదనో పేరు తీసేముందు మీకు నోటీసిచ్చి, మీ మాట వినాలి. ఆ నోటీసు అందితే చెప్పిన తేదీన కార్డు, చిరునామా రుజువు పట్టుకుని వెళ్లండి. వెళ్లకపోవడమే పేరు పోవడానికి పెద్ద కారణం. పాత చిరునామాకు వెళ్లిన నోటీసు మీకు అందదు కాబట్టి, చిరునామా, మొబైల్ నంబరు సరిగా ఉంచుకోవడం ఇక్కడ అక్కరకొస్తుంది.

నోటీసు కోసం ఎదురుచూడకుండా ముందే కనిపెట్టే దారి కూడా ఉంది. వచ్చిన దరఖాస్తుల జాబితాలను ఈఆర్‌వో కార్యాలయంలోనూ, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లోనూ పెడతారు. చేర్పుల దరఖాస్తులు ఫారం-9లో, తొలగింపు కోరేవి ఫారం-10లో, సవరణలు ఫారం-11లో ఉంటాయి. ఎన్నికల ఏడాదిలో మీ కాలనీలోనో ఊళ్లోనో ఒకరు వారానికోసారి ఫారం-10 చూసి, పేర్లున్నవాళ్లకు చెప్పగలిగితే ఓట్ల గల్లంతు చాలావరకు ఆగుతుంది.

చనిపోయినవాళ్ల పేర్లు ఇంకా ఉన్నాయి. తీయించడం ఎలా?

కుటుంబ సభ్యులే ఫారం-7తో పాటు మరణ ధ్రువపత్రం నకలు ఇస్తే పని తేలిక. ఇంట్లో మనిషి పోయిన బాధలో ఈ పని ఎవరికీ తోచదు, అందుకే ఏళ్ల తరబడి పేర్లు మిగిలిపోతాయి. అలా మిగిలిన పేర్లే దొంగ ఓట్లకు అవకాశం ఇస్తాయి. పెద్దకర్మ అయ్యాక మరణ ధ్రువపత్రం కోసం ఎలాగూ తిరుగుతారు, ఒక నకలు బీఎల్‌వోకు ఇచ్చేయండి.

ఇంటింటి సమగ్ర సవరణ వస్తే ఏం చేయాలి?

ఏటా జరిగేది పాత జాబితాకు దిద్దుబాటు. సమగ్ర సవరణలో మాత్రం ప్రతి ఓటరూ ఎన్యూమరేషన్ ఫారం (ఇంటింటికీ ఇచ్చే వివరాల పత్రం) నింపి సంతకం చేసి ఇవ్వాలి, ఇవ్వనివాళ్ల పేర్లు ముసాయిదాలోకే రావు. 2025లో బిహార్‌లో ఈ పద్ధతిలోనే ముసాయిదా నుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయాయి. ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టాలని సుప్రీంకోర్టు ఆగస్టులో ఆదేశించింది. కాబట్టి ఫారం ఇంటికి వచ్చినప్పుడు రెండు ప్రతుల్లో ఒకదాన్ని బీఎల్‌వో సంతకంతో మీ దగ్గర ఉంచుకోండి. ముసాయిదా రాగానే మళ్లీ చూసుకోండి.

మా నాన్నగారికి 86 ఏళ్లు. ఇంటి దగ్గరే ఓటు వేయొచ్చా?

వేయొచ్చు. 85 ఏళ్లు పైబడినవాళ్లకు, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఈ సదుపాయం ఉంది. వయసు పరిమితి ముందు 80గా ఉండేది, 2024 మార్చిలో 85 చేశారు.

వయసును లెక్కించేది జాబితా ప్రకారమే. పెద్దవాళ్లలో చాలామందికి మొదటిసారి పేరెక్కించినప్పుడు వయసు ఉజ్జాయింపుగా వేశారు. నిజంగా 86 ఏళ్లున్న మనిషికి జాబితాలో 81 ఉంటే ఇంటి ఓటు రాదు. అప్పటికప్పుడు సరిచేయడం కుదరదు. ఇప్పుడే ఫారం-8 పెట్టి దిద్దించండి. వైకల్యం ఉన్నవాళ్ల సంగతీ ఇంతే. సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు (వికలాంగుల జాతీయ గుర్తింపు కార్డు) గానీ ఉంటే, ఫారం-8లో వైకల్యం రకం, శాతం నమోదు చేయించండి. పింఛను వస్తోంది కదా, ప్రభుత్వానికి తెలుసు కదా అనుకోవద్దు. పింఛను జాబితా వేరు, ఓటర్ల జాబితా వేరు.

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోగా ఇంటి ఓటు కోరే ఫారం-12డి, నియోజకవర్గంలో ఎన్నిక జరిపే రిటర్నింగ్ అధికారికి చేరాలి. బీఎల్‌వోలే ఇంటికి తెచ్చి, నింపించి తీసుకెళ్తారు. వాళ్లు రాకపోతే మీరే అడగండి, ఐదు రోజులు ఇట్టే అయిపోతాయి. తర్వాత సిబ్బంది ముందుగా రోజు చెప్పి వస్తారు, వీడియో తీస్తారు, అభ్యర్థుల ఏజెంట్లూ ఉండొచ్చు. ఓటు మాత్రం రహస్యంగా పోస్టల్ బ్యాలెట్ మీద వేయిస్తారు. మొదటిసారి మనిషి ఇంట్లో లేకపోతే రెండోసారి వస్తారు, ఆ తర్వాత రారు.

ఇంటి ఓటు అడిగి, మంజూరయ్యాక పోలింగ్ రోజు బూత్‌కు వెళ్తే ఓటు వేయనివ్వరు. బూత్‌కు వెళ్లి ఓటేయడం పెద్దాయనకు ఇష్టమైతే ఫారం-12డి ఇవ్వక్కర్లేదు. ఇంటి ఓటు హక్కే, నిబంధనేమీ కాదు. పిల్లలు నిర్ణయించేయకుండా ఆయన్నే అడగండి.

మా బూత్ మెట్లెక్కాల్సిన చోట ఉంది. ఎవరికి చెప్పాలి, ఏం అడగాలి?

పోలింగ్ కేంద్రం కింది అంతస్తులో ఉండాలి, ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవాల్సి రాకూడదు. ఒక్కో కేంద్రానికి గరిష్ఠంగా 1500 మంది ఓటర్లు ఉండేవారు. 2025లో ఎన్నికల సంఘం దాన్ని 1200కు తగ్గించింది. తాగునీరు, వెలుతురు, మరుగుదొడ్డి, నీడ, ర్యాంపు, దారి చూపే బోర్డులు ఉండాల్సినవే. కేంద్రాల మార్పుచేర్పులు జాబితా సవరణకు ముందు జరుగుతాయి. కేంద్రమే మార్చమని అడగాలంటే అప్పుడే ఈఆర్‌వోకు, కలెక్టర్‌కు రాసివ్వాలి. ఎన్నికల వారంలో అడిగితే ర్యాంపు వేయిస్తారేమో గానీ కేంద్రం మార్చరు.

ర్యాంపు ఉందని కాగితంలో రాసి ఉంటే సరిపోదు, వెళ్లి చూడాలి. సురక్షితమైన వాలు 1:12. అంటే బడి అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగుల పొడవుండాలి. చాలా బళ్లలో ఆరేడు అడుగుల్లో ముగించేస్తారు. దాని మీద చక్రాల కుర్చీని ఎక్కించాలంటే ఇద్దరు తోయాలి, దించేటప్పుడు మనిషి ముందుకు జారతాడు. ర్యాంపు బాగున్నా దాని చివర గడప ఉంటే అక్కడ ఆగిపోతుంది. చెక్క పలకతో గడపను సమం చేయించాలి. గేటు దగ్గర పశువులు రాకుండా వేసిన గొట్టాలు, గేటు నుంచి గది దాకా ఇసుక, తలుపు వెడల్పు, అన్నీ చూడండి. కుర్చీ తేలిగ్గా దాటాలంటే తలుపు 90 సెంటీమీటర్లుండాలి. రెండు రెక్కల తలుపైతే రెండో రెక్క గడియ తుప్పు పట్టి రాకపోవడం మామూలే, ముందు రోజే తీయించి పెట్టాలి.

పోలింగ్ రోజు జరిగే ఇంకో పొరపాటు: వరుసకు కట్టిన తాడు సరిగ్గా ర్యాంపు మొదట్లోనే అడ్డం వస్తుంది. చక్రాల కుర్చీ పక్క గదిలో ఉంటుంది, తాళం ఇంకెవరి దగ్గరో ఉంటుంది. స్థానిక వికలాంగుల సంఘం నుంచి ఒకరు పోలింగ్ ముందు రోజు సాయంత్రం కొన్ని బూత్‌లను కలిపి చూసుకునే సెక్టార్ అధికారితో కలిసి ఒక్కసారి నడిచి చూస్తే ఇవన్నీ బయటపడతాయి.

చక్రాల కుర్చీ, రవాణా కావాలని వికలాంగ ఓటర్ల కోసం ఎన్నికల సంఘం తెచ్చిన సక్షమ్ యాప్‌లో గానీ, 1950కి గానీ, బీఎల్‌వోకు గానీ ముందే చెప్పొచ్చు. వైకల్యం ఉన్నవాళ్లు, వృద్ధులు వరుసలో నిలబడక్కర్లేదు, నేరుగా లోపలికి పంపాలి.

చూపు లేనివాళ్లు ఎలా ఓటేస్తారు?

రెండు దారులు. ఓటింగ్ యంత్రంలో బటన్లుండే బ్యాలెట్ యూనిట్ మీద అభ్యర్థుల బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి. బూత్‌కు బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారి దగ్గర అభ్యర్థుల పేర్లు, వరుస సంఖ్యలతో బ్రెయిలీ పత్రం ఉంటుంది. దాన్ని చదివి, సంఖ్య గుర్తుపెట్టుకుని, సొంతంగా ఓటేయొచ్చు. సిబ్బంది మరిచిపోతుంటారు, అడిగి తీసుకోండి.

బ్రెయిలీ రానివాళ్లు, చేతులతో బటన్ నొక్కలేనివాళ్లు తోడుగా ఒకరిని తీసుకెళ్లొచ్చు. తోడు వచ్చే మనిషికి 18 నిండాలి, ఆ రోజు ఇంకెవరికీ తోడుగా వెళ్లి ఉండకూడదు, ఓటు రహస్యంగా ఉంచుతానని రాసివ్వాలి. ఎవరిని తీసుకెళ్లాలన్నది ఓటరు ఇష్టం. పార్టీ ఏజెంటు తనంతట తాను ముందుకొస్తే వద్దనొచ్చు.

పోలింగ్ రోజు ఏం పట్టుకెళ్లాలి?

ఓటరు కార్డు. అది లేకపోతే ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, ఫొటో ఉన్న పింఛను పత్రం, ప్రభుత్వోద్యోగి గుర్తింపు కార్డు, యూడీఐడీ కార్డు లాంటివి చెల్లుతాయి. రేషన్ కార్డు ఆ జాబితాలో లేదు. బీఎల్‌వో ఇచ్చే ఓటరు స్లిప్పు బూత్, వరుస సంఖ్య తెలుసుకోవడానికే. 2019 నుంచి దాన్ని గుర్తింపుగా ఒప్పుకోవడం లేదు. కార్డులో అక్షరదోషముంటే భయపడొద్దు, మనిషి మీరేనని తెలిస్తే ఓటు వేయనివ్వాలి.

పోలింగ్ ముగిసే సమయానికి వరుసలో ఉన్నవాళ్లందరికీ ఓటుంది. అధికారి వరుస చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు ఇస్తారు. చీటీ చేతికందాక ఎంత రాత్రయినా కదలొద్దు.

పేరు లేకపోతే ఆధార్ చూపించి ఛాలెంజ్ ఓటు వేయొచ్చని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

కాదు. ప్రతి ఎన్నికకూ తిరిగే అబద్ధం ఇది. ఛాలెంజ్ అంటే, వచ్చిన ఓటరు అసలు మనిషి కాదని పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం. జాబితాలో పేరు లేనివాళ్లకు దానితో పనే లేదు.

మీ పేరుండి, మీ ఓటు ఇంకెవరో ముందే వేసేసి ఉంటే అది వేరే సంగతి. గుర్తింపు చూపించి టెండర్ ఓటు అడగండి. యంత్రం మీద కాకుండా కాగితం బ్యాలెట్ ఇస్తారు, విడిగా కవర్లో పెడతారు, ఫారం-17బిలో సంతకం తీసుకుంటారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. ఫలితం మీద కోర్టులో కేసు నడిస్తే అక్కడ ఆధారమవుతుంది. అందుకే విసుగుతో వెనక్కి వచ్చేయకుండా నమోదు చేయించాలి. టెండర్ ఓట్లు ఫలానా శాతం దాటితే రీపోలింగ్ పెడతారన్నది కూడా వాట్సాప్ మాటే.

విదేశాల్లో ఉన్నవాళ్లు?

వేరే దేశ పౌరసత్వం తీసుకోకపోతే ఫారం-6ఎతో పాస్‌పోర్ట్‌లో ఉన్న సొంతూరి చిరునామాకు నమోదు కావొచ్చు. కార్డు ఇవ్వరు. పోలింగ్ రోజు అసలు పాస్‌పోర్ట్‌తో స్వయంగా రావాలి.

పంచాయతీ, మున్సిపల్, ఎమ్మెల్సీ ఎన్నికలకూ ఇదే జాబితానా?

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడగొట్టి వాడతారు కాబట్టి, అందులో పేరుంటేనే ఇక్కడా ఉంటుంది. విడగొట్టేటప్పుడు ఇల్లు ఒక వార్డుది, పేరు ఇంకో వార్డుకు పోవడం తరచూ జరుగుతుంది. వార్డు ముసాయిదా పంచాయతీ కార్యాలయంలో అంటించినప్పుడు వెళ్లి చూసి, తేడా ఉంటే గడువులోగా రాసివ్వాలి.

పట్టభద్రుల ఎమ్మెల్సీ జాబితా మాత్రం పూర్తిగా వేరు. దానికి ఫారం-18, ఉపాధ్యాయుల స్థానానికి ఫారం-19. ఆ జాబితాను ప్రతిసారీ కొత్తగా తయారు చేస్తారు. కిందటిసారి ఓటేశాం కదా అని ఊరుకుంటే పేరుండదు, మళ్లీ దరఖాస్తు పెట్టాల్సిందే.